బుజ్జిబాబుగారి దసరా సెలవులు

ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేస్తున్న నరసింహమూర్తికి తను మహా తెలివైనవాడినని గట్టి నమ్మకం. ఆ సంగతి ఇంకెవరూ పైకి అనకపోవడానికి కారణం అసూయేనని ఇంకో నమ్మకం. ఈ రెండు నమ్మకాలతోనూ సంసారం సాఫీగా లాక్కొస్తుండగా దసరా సెలవులొచ్చి పడ్డాయి.

సెలవులు పిల్లలిద్దరికీ, హైస్కూల్లో లెక్కల టీచరైన భార్య సీతారామలక్ష్మికీ. అయినా ఈయన కూడా పనిగట్టుకుని ఆఫీసుకి సెలవు పెట్టేశాడు. భార్యాపిల్లల మీద ప్రేమ కొద్దీ అనుకునేరు! డాబా మీద చామంతులు మొగ్గ తొడుగుతున్నాయి, అందుకని.

ఆ చామంతులకి కడియం నర్సరీల నుంచి ఏరి ఏరి తెచ్చిన వంశం ఉంది. పసుపువి, తెల్లవి, ఇటిక రంగువి, డాబా నిండా కుండీలే. పొద్దున్నే నరసింహమూర్తి గళ్ళ లుంగీ ఎగ్గట్టి, నీళ్ళ మగ్గు పట్టుకుని, ఒక్కొక్క మొక్కనీ పేరుపేరునా పలకరిస్తాడు. "ఏమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడుగుతాడు. ఆ మాట పెళ్ళయ్యాక తనని ఒక్కనాడూ అడగలేదని సీతారామలక్ష్మి అక్కసు.

ఇలాంటి మనిషిని పట్టుకుని పిల్లలు కుక్కపిల్లని తెమ్మంటారు!

"నాన్నా, ఈ సెలవుల్లో అయినా..." అని మొదలెట్టింది ఐదో తరగతి కౌముది.

"కుక్క ఏం చేస్తుందో తెలుసా నీకు?"

"కాపలా కాస్తుంది."

"తవ్వుతుంది! కుండీ కనిపిస్తే చాలు, కాళ్ళతో తవ్విపోస్తుంది."

"నేర్పిస్తే తవ్వదు నాన్నా," అన్నాడు ఎనిమిది చదివే మణిశంకర్. "వీడియోలు చూశాను."

"పసివాళ్ళు, ఏడాది నుంచీ నోరు తెరిచి అడుగుతున్నారండి," అంది సీతారామలక్ష్మి వంటింట్లోంచి.

నరసింహమూర్తి ఆలోచించాడు. వద్దంటే మళ్ళీ వేసవి సెలవుల్లో అడుగుతారు. అసలు జంతువన్న మాట వింటేనే దండం పెట్టేలా చెయ్యాలి. అప్పుడే బుర్రలో ఆలోచన మెరిసింది. తన తెలివికి తనే ముచ్చటపడి, అందరినీ దేవుడి గది ముందుకి పిలిచాడు.

"అమ్మవారి ముందు మాట్లాడుకుందాం. మీకు జంతువుల్ని పెంచే ఓపిక ఉందో లేదో చూడాలి. సెలవులు అయ్యేదాకా ఉండేట్టు ఒక ప్రాణిని తెస్తాను. మీలో ఎవరైనా 'ఇంక వద్దు, తీసుకెళ్ళిపోండి' అన్నారా, మణిగాడు కాలేజీలో చేరేదాకా ఈ ఇంట్లో కుక్క ఊసెత్తకూడదు."

"ఆ మాట మీరంటే?" అంది సీతారామలక్ష్మి.

"నేనా! నేనెందుకంటాను?"

"లెక్కన్నాక రెండువైపులా ఉండాలి కదండీ. మీరంటే ఆ పూటే కుక్కపిల్ల."

"సరే."

"ఎవరూ అనకుండా సెలవులు అయిపోతే?"

"అప్పుడు ఎక్కడివాళ్ళం అక్కడే. కుక్కా లేదు, గొడవా లేదు," అన్నాడు నరసింహమూర్తి, అదేదో చిన్న విషయమన్నట్టు చెయ్యి ఊపి. తను నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఎటు తిరిగినా గెలుపు తనదే. కౌముది అమ్మవారికి దండం పెట్టుకుని "సరే నాన్నా" అంది. పాపం, ఆ దండం చూసి కూడా ఆయన మనసు కరగలేదు.

ఆ మధ్యాహ్నమే మొగల్తూరు అచ్చిబాబుని పట్టుకున్నాడు. అచ్చిబాబు పెద్ద రైతు. కాలవ నీళ్ళ పని మీద ఆఫీసు చుట్టూ తిరుగుతూ స్నేహితుడయ్యాడు. మనిషి మంచివాడే గానీ కోళ్ళ పిచ్చి. పందేలు వేస్తావా అని అడిగితే "అబ్బే, ముచ్చటకి పెంచుకుంటున్నానండి" అని ఆకాశం వంక చూస్తాడు.

"అచ్చిబాబుగారూ, మీ దగ్గర చెడ్డ కోడేదైనా ఉందా?" అన్నాడు నరసింహమూర్తి, టీ కొట్టు దగ్గర గొంతు తగ్గించి.

"చెడ్డదంటే? జబ్బుదాండి?"

"జబ్బు కాదండీ, కోపిష్టిది. మనిషి కనిపిస్తే మీద పడాలి. తెల్లారకుండా కూసి లేపెయ్యాలి. చూస్తేనే పిల్లలు హడలిపోవాలి."

అచ్చిబాబు మొహం వెలిగిపోయింది. "ఆయ్, ఉందండి! మా డేగ, ఎర్రపుంజు. దాని దెబ్బకి ఇద్దరు పాలేర్లు పని మానేసి ఎల్లిపోయారండి. అసలు కొన్నాళ్ళు దాన్ని ఎక్కడన్నా దాద్దామనే చూస్తన్నాను. పండక్కి చుట్టాలు దిగుతున్నారు. మా బావమరిది దాన్ని చూసే చూపు నాకు నచ్చలేదండి. ఓ పొద్దున్న లేచేసరికి పులుసులో ఉంటదేమోనని బెంగ. మీది బ్రాహ్మలిల్లు కదండి, కోడికి అంతకన్నా భద్రమైన చోటు ఈ జిల్లాలో లేదు."

తర్వాత మేత చెప్పాడు. రోజూ ఉడకబెట్టిన గుడ్డు, నానబెట్టిన బాదంపప్పు, చోళ్ళు. పొద్దున్నే కాలవలో ఈత. "ముఖ్యంగా ముద్దు చెయ్యకూడదండి. ముద్దు చేస్తే కోడి పాడైపోద్ది."

దాన్ని ముద్దు చేసే మొనగాడు మా ఇంట్లో ఎవడులే అనుకుని నరసింహమూర్తి తల ఊపేశాడు.

మర్నాడు పొద్దున్న వ్యాన్లో గంప దిగింది. గంప తియ్యగానే ఎర్రటి ఒళ్ళూ, నల్లటి తోకా, నిప్పుల్లాంటి కళ్ళూ వేసుకుని ఓ మహానుభావుడు బయటికొచ్చాడు. వాకిట్లో నిలబడ్డ అందరినీ వరసగా చూశాడు. సీతారామలక్ష్మిని వదిలేశాడు, పిల్లల్ని వదిలేశాడు. తిన్నగా ఎగిరి నరసింహమూర్తి మోకాలి మీద ఒక్కటిచ్చాడు.

"అమ్మో!" అని నరసింహమూర్తి అరుగెక్కాడు. కోడీ అరుగెక్కింది. నరసింహమూర్తి కుర్చీ ఎక్కాడు. అప్పుడు కౌముది నెమ్మదిగా వెళ్ళి, రెండు చేతులా దాన్ని ఎత్తుకుని, "తప్పు కదూ, నాన్నని పొడవచ్చా?" అంది. ఇద్దరు పాలేర్లని తరిమేసిన ఆ డేగ పాప చంకలో ఒదిగి "కుక్ కుక్" అంది.

"దీని పేరు బుజ్జిబాబు," అని ప్రకటించింది కౌముది.

కుర్చీ మీద నిలబడే ఉన్న నరసింహమూర్తికి గుండెల్లో రాయి పడింది. అయినా ధైర్యం కోల్పోలేదు. లోపల ఇంకో బ్రహ్మాస్త్రం ఉంది కదా. ఆయన తల్లి సంపూర్ణమ్మగారు! మడి, ఆచారం, తులసికోట. అందులోనూ నవరాత్రులు. ఆవిడొక్కసారి చూసిందంటే పందెం ఈ పూటతో సరి.

సంపూర్ణమ్మగారు తడిబట్టతో వచ్చి చూసింది. "రామ రామ! కోడా! నా కొంపలో కోడా! దీన్ని..."

"దీన్ని?" అన్నాడు కొడుకు ఆశగా. "చెప్పమ్మా, దీన్ని?"

"అత్తయ్యగారూ," అంది సీతారామలక్ష్మి మధ్యలో వచ్చి, వినయంగా. "సుబ్రహ్మణ్యేశ్వరస్వామి జెండా మీద ఉండేది కోడే కదండీ? నాకు సరిగ్గా గుర్తులేక అడుగుతున్నాను."

సంపూర్ణమ్మగారు ఆగింది. కోడి వంక చూసింది. కోడి కూడా మెడ నిక్కించి ఆవిడ వంక చూసింది.

"అవునే! కుక్కుటధ్వజుడు! నవరాత్రుల్లో గుమ్మంలోకొచ్చిన ప్రాణిని నేనెందుకు పొమ్మంటానూ? పెరట్లో గంప వెయ్యండి. నన్ను మాత్రం తాకకుండా చూడండి," అనేసి లోపలికి వెళ్ళిపోయింది. బ్రహ్మాస్త్రం అలా తుస్సుమంది.

మర్నాడు తెల్లవారుజామున బుజ్జిబాబు గొంతు విప్పాడు. గంప పెట్టింది పెరట్లోనే గానీ, ఎందుకో సరిగ్గా నరసింహమూర్తి పడుకునే కిటికీ కింద పెట్టారు. మొదటి కూతకి ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. రెండో కూతకి నిలబడ్డాడు. భార్యాపిల్లల మీద జాలిపడుతూ, ఇప్పుడంటారులే ఆ మాట అనుకుంటూ పక్కగదిలోకి తొంగి చూశాడు. ముగ్గురూ చెవుల్లో దూది పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నారు.

సంపూర్ణమ్మగారయితే ఆ కూతకి లేచి, చన్నీళ్ళ స్నానం చేసి, దీపం పెట్టేసి, "ఎన్నాళ్ళకి వేళకి లేచానురా! ఆ ఫోన్లో అలారం ఏడుపూ నువ్వూ!" అంది. ఆ పూట నుంచీ బుజ్జిబాబుకి ఆవిడ దగ్గర కూడా పలుకుబడి పెరిగింది.

ఇంక తిండి సంగతి. ఉడకబెట్టిన గుడ్డు అన్న మాట ఆ ఇంట్లో పలికే దమ్ము నరసింహమూర్తికి లేదు. బాదంపప్పంటే, ఆయన జ్ఞాపకశక్తికని తెచ్చుకున్నవి ఉన్నాయి గానీ అవి ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తులేదు. దాంతో మేత పని సీతారామలక్ష్మి పుచ్చుకుంది. నవరాత్రులాయె, రోజుకో నైవేద్యం. ఓ రోజు కట్టెపొంగలి, ఓ రోజు పులిహోర, ఓ రోజు దద్ధోజనం. అమ్మవారికి చూపించగానే మొదటి ముద్ద బుజ్జిబాబుకి. పులిహోరలో పల్లీలు ఏరుకుని తినేవాడు. దద్ధోజనం అయితే ముక్కు నిండా పూసుకుని, కళ్ళు మూసుకుని ఆస్వాదించేవాడు. ఇక గారెల రోజున పొయ్యి దగ్గరనుంచి కదిల్తే ఒట్టు.

"బుజ్జిబాబుగారూ, ఇంకొంచెం వేసుకుంటారా?" అంది ఓ పూట సీతారామలక్ష్మి.

"ఆ, వెయ్యి," అన్నాడు నరసింహమూర్తి పేపర్లోంచి.

"మిమ్మల్ని కాదండీ."

పిల్లల్తో, ముసలావిడతో అంత సాధువుగా ఉండే పక్షి నరసింహమూర్తి కనిపిస్తే మాత్రం కాళీమాతే. స్నానానికి వెళ్తే తలుపు దగ్గర కాపు కాసేది. భోజనానికి కూర్చుంటే పిక్క మీద పొడిచేది. ఆయన ఇంట్లో తిరగడానికి కుర్చీల మీదనుంచి మంచాల మీదకి, మంచాల మీదనుంచి కిటికీ గట్ల మీదకి దార్లు కనిపెట్టుకున్నాడు. ఆఖరికి ఉండబట్టలేక అచ్చిబాబుకి ఫోన్ చేశాడు.

"ఆయ్, గళ్ళ లుంగీ గానీ కడతన్నారాండి?" అన్నాడు అచ్చిబాబు. "అదే మరి! తర్ఫీదిచ్చేటప్పుడు గళ్ళ లుంగీ మొహం ముందు ఊపి రెచ్చగొడతామండి. ఆ గళ్ళు కనపడితే దానికి లోకం తెలీదు. నేను చెప్పలేదాండి?"

నరసింహమూర్తి ఫోన్ పెట్టేసి పరుగెత్తికెళ్ళి బీరువా తెరిచాడు. అన్నీ గళ్ళ లుంగీలే, మడతలు పెట్టి చక్కగా పేర్చి ఉన్నాయి.

"సీతా! నా ప్యాంట్లేవీ?"

"పండగ కదండీ, అన్నీ ఒకేసారి ఇస్త్రీకిచ్చాను. ఇస్త్రీ అబ్బాయి వాళ్ళ ఊరు వెళ్ళాడట. దసరా వెళ్ళాకే రావడం."

ఇంక గత్యంతరం లేక పెళ్ళినాటి పట్టుపంచె తీసి కట్టుకున్నాడు. బుజ్జిబాబు దగ్గరికొచ్చాడు, ఎగాదిగా చూశాడు, వెళ్ళిపోయాడు. నరసింహమూర్తి ప్రాణం లేచొచ్చింది. ఆ పట్టుపంచెతోనే పాల ప్యాకెట్టుకి వెళ్ళాడు, కూరలకి వెళ్ళాడు, బ్యాంకుకి కూడా వెళ్ళాడు. సాయంత్రానికల్లా వీధి వీధంతా "మూర్తిగారు దీక్ష పట్టారట" అని చెప్పేసుకుంది. ఎదురింటివాళ్ళు కొబ్బరికాయలు పట్టుకొచ్చారు. పక్కింటి కొత్త కోడలు చటుక్కున కాళ్ళకి దండం పెట్టేసింది.

"ఏం దీక్షండీ, ఎన్నాళ్ళు?" అని అడిగింది పక్కింటావిడ.

"మౌనదీక్షండి," అంది సీతారామలక్ష్మి. "ఒక్క మాట నోట్లోంచి రాకూడదు. ఆ మాట వస్తే మాత్రం భంగమే."

ఇంతా భరించాడు పెద్దమనిషి. మోకాళ్ళు పోయినా చామంతులున్నాయి కదా అని భరించాడు. అయితే పెరట్లో పురుగులు అయిపోయాయో, నైవేద్యాలు అరగడానికి వ్యాయామం కావాల్సొచ్చిందో, ఓ పొద్దున్న బుజ్జిబాబు మెట్లెక్కి డాబా మీదకి చేరాడు.

నరసింహమూర్తి నీళ్ళ మగ్గుతో పైకెళ్ళేసరికి ఇటిక రంగు చామంతి కుండీలో నిలబడి, రెండు కాళ్ళతోనూ మట్టి వెనక్కి చిమ్ముతున్నాడు. నేర్పుగా, తీరిగ్గా, అలుపూ సొలుపూ లేకుండా. ఒక కుండీ అయిపోగానే దిగి పక్క కుండీలోకి ఎక్కాడు.

"సీతా! పిల్లలూ!" అని కేక పెట్టాడు. అందరూ పైకి పరుగెత్తుకొచ్చారు. ముగ్గురి కళ్ళూ ఆయన నోటి మీదే ఉన్నాయి.

"దీన్ని తీసుకెళ్ళి..." అన్నాడు నరసింహమూర్తి ఒగురుస్తూ.

"తీసుకెళ్ళి?" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

"తీసుకెళ్ళి... మేత పెట్టండి. పాపం, ఆకలేసినట్టుంది."

కౌముది మొహం చిన్నబోయింది. "ఇందాకే పెట్టాం నాన్నా," అంది.

ఆ రోజు నుంచీ నరసింహమూర్తి డాబా మీదే మకాం పెట్టాడు. గొడుగేసుకుని, చేతికర్ర పట్టుకుని, పట్టుపంచెతో చామంతులకి కాపలా. బుజ్జిబాబు పిట్టగోడ మీద కూర్చుని ఆయనకి కునుకు పడుతుందేమోనని చూసేవాడు. తెల్లవారుజామున లేపుతున్నది కూడా వాడేనాయె, కునుకు పట్టక ఏం చేస్తుంది! మహర్నవమి నాడు అలా రెప్ప వాల్చి తెరిచేసరికి, ఆ ఏటికి మొట్టమొదట విచ్చిన పసుపు చామంతి రేకలు బుజ్జిబాబు ముక్కుకి వేలాడుతున్నాయి.

నరసింహమూర్తికి నిజంగా ఏడుపొచ్చింది. ఆషాఢంలో నాటి, కొసలు గిల్లి, పేడనీళ్ళు పోసి పెంచుకున్న మొక్క. ఆ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందోనని రోజులు లెక్కపెట్టుకున్నాడు. అయినా గొంతు దాకా వచ్చిన మాట మింగేశాడు. ఇంకొక్క రోజు ఓర్చుకుంటే సెలవులు అయిపోతాయి. కనీసం వేసవి సెలవుల దాకా కుక్క బెడద ఉండదు. ఆ ఒక్క ఆశతో ఖాళీ కాడ వంక చూస్తూ కూర్చుండిపోయాడు.

కింద పిల్లలకి కూడా ఏడుపొచ్చేలాగే ఉంది. "నాన్న అనట్లేదమ్మా," అంది కౌముది తల్లి కొంగు పట్టుకుని. "రేపటితో అయిపోతుంది. కుక్కపిల్ల రాదు."

"చూద్దాంలే," అంది సీతారామలక్ష్మి, పరవాన్నం కలుపుతూ.

ఈ గొడవంతటిలో మణిశంకర్ సరదా ఒకటుంది, అది చెప్పడం మరిచాను. వాడికి వీడియోలు తియ్యడం పిచ్చి. బుజ్జిబాబు మెడకి కౌముది రిబ్బను కట్టి, బొట్టు పెట్టి, చెంచాతో పరవాన్నం తినిపిస్తుంటే తల్లి ఫోన్లో తీసి, వెనకాల సన్నాయి పెట్టి, ఊరి మీదకి వదిలాడు. ఆ వీడియో ఎవరెవరి ఫోన్లలో తిరిగిందో గానీ, విజయదశమి పొద్దున్నకి మొగల్తూరు చేరింది. మధ్యాహ్నానికి అచ్చిబాబు కారు నరసింహమూర్తి వాకిట్లో కీచుమని ఆగింది.

"మూర్తిగారూ! ఏం చేసేశారండీ నా డేగని!"

కార్లోంచి ముందు అచ్చిబాబు దిగాడు, తర్వాత ఆయన భార్య సూర్యకళ దిగింది. అచ్చిబాబు చంకలో ఇంకో కోడి ఉంది, నల్లది. డేగ ఎలా ఉందో పరీక్ష చెయ్యడానికి తెచ్చాడట. నరసింహమూర్తి పట్టుపంచె సర్దుకుంటూ డాబా మీదనుంచి దిగాడు. లోపల మాత్రం ఆనందంగానే ఉంది. అచ్చిబాబే తీసుకుపోతే తను ఏమీ అననట్టే లెక్క.

అచ్చిబాబు నల్లకోడిని వాకిట్లో దింపాడు. అది మెడ మీద ఈకలు విప్పి, "రా చూసుకుందాం" అన్నట్టు నిలబడింది. బుజ్జిబాబు వంటింటి గుమ్మంలోంచి నడిచొచ్చాడు. నడిచాడంటే నడవలేదు, ఒళ్ళొచ్చిందేమో, ఊగుతూ వచ్చాడు. రిబ్బను ఇంకా మెడకే ఉంది. నోట్లో గారె ముక్క.

నల్లకోడి ఎగరబోయింది. బుజ్జిబాబు గారె ముక్కని దాని ముందు పెట్టి, "కుక్ కుక్ కుక్" అని పిలిచాడు. తినమని.

నల్లకోడి బిత్తరపోయింది. అటూ ఇటూ చూసింది. తర్వాత గారె తింది. బుజ్జిబాబు లోపలికెళ్ళి ఇంకో ముక్క తెచ్చిపెట్టాడు.

అచ్చిబాబు అరుగు మీద కూలబడిపోయాడు. "మా డేగ... గారెలు పంచుతోందండీ! విస్తరేసి వడ్డించడం ఒక్కటే తక్కువ! ఇంక ఈ రెండోది కూడా చెడిపోద్దండి, ముందు దాన్ని కార్లో ఎక్కించండి!"

"ఎక్కించేద్దాం, ఎక్కించేద్దాం. రెండింటినీ ఎక్కించేద్దాం," అన్నాడు నరసింహమూర్తి, గంప తానే తెచ్చి. "మీ సొత్తు మీకు భద్రంగా అప్పజెప్పాను."

"నాకెందుకండీ ఇప్పుడిది? మా ఊళ్ళో దింపితే నా పరువు గోదాట్లో కలిసిపోద్ది. దీనికి మీ ఇల్లే తగిన ఇల్లు. మీరే ఉంచేసుకోండి మూర్తిగారూ. జీవితాంతం."

"జీవితాంతం అంటే..." అన్నాడు నరసింహమూర్తి, గంప కింద పెట్టేసి. "కోడి ఎన్నాళ్ళు బతుకుతుందండీ?"

"మా ఊళ్ళల్లో అయితే సంక్రాంతి దాకానండి. మీ ఇంట్లో అయితే ఏముంది, కోసేవాడు లేడు, తినేవాడు లేడు. పదేళ్ళకి ఢోకా లేదండి, ఆయ్."

పదేళ్ళు! పదేళ్ళ తెల్లవారుజాములు, పదేళ్ళ చామంతులు, పదేళ్ళ పట్టుపంచె నరసింహమూర్తి కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ఆయన రెండు చేతులూ పైకెత్తి, వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు:

"వద్దు! ఇంక వద్దు! తీసుకెళ్ళిపోండి!"



"నాన్న అనేశారు!" అంది కౌముది ముందు మెల్లిగా. తర్వాత గట్టిగా. తర్వాత వాకిలంతా గెంతుతూ. మణిశంకర్ ఫోన్ ఎత్తి, "రికార్డయింది," అన్నాడు. సంపూర్ణమ్మగారు లోపల్నుంచి, "అమ్మవారి ముందు అనుకున్న మాటరోయ్!" అంది. ఎదురింటివాళ్ళు కూడా బయటికొచ్చి, మూర్తిగారి దీక్ష ముగిసిందని చేతులు జోడించారు.

సూర్యకళ కారు వెనక తలుపు తీసి, మూత ఉన్న చిన్న బుట్ట దింపింది. మూత తియ్యగానే గోధుమరంగు కుక్కపిల్ల ఒకటి చెవులు ఊపుకుంటూ బయటికొచ్చి, నరసింహమూర్తి పట్టుపంచె అంచు పళ్ళతో పట్టుకుంది.

నరసింహమూర్తి ఆ కుక్కపిల్లని చూశాడు. సూర్యకళని చూశాడు. భార్యని చూశాడు. కారు మొగల్తూరులో బయల్దేరినప్పుడు ఆయన ఇంకా ఆ మాట అనలేదు. మరి బుట్ట ఎలా వచ్చింది? మహా తెలివైనవాడు కదా, ఎంత ఆలస్యంగానైనా అర్థమైంది.

"మా ఆయన కోళ్ళ పిచ్చితో నాకు తల ప్రాణం తోకకొచ్చిందండి అన్నయ్యగారూ," అంది సూర్యకళ, నొచ్చుకుంటున్నట్టే నవ్వుతూ. "ఆ డేగ ఒక్కటి పోతే ఈ ఏటికి బరి మొహం చూడరని నా ఆశ. సీతగారు తను చూసుకుంటానన్నారు. చూసుకున్నారు."

"ఆయ్! ఏంటీ?" అన్నాడు అచ్చిబాబు లేచి నిలబడి. ఆయన్నెవరూ పట్టించుకోలేదు.

ఆ రాద్ధాంతంలోనే బుజ్జిబాబు సంగతి కూడా తేలిపోయింది. సంపూర్ణమ్మగారు అచ్చిబాబుని పిలిచి, "బాబూ, స్వామి జెండా మీద ఉండే ప్రాణి, దాన్ని మళ్ళీ ఆ బరిలోకి తోస్తే మీకు పుణ్యం ఉండదు, ఇక్కడే ఉండనీ," అని తీర్పు చెప్పేసింది. కుక్క రాకూడదని కోడిని తెచ్చిన నరసింహమూర్తికి కోడీ మిగిలింది, కుక్కా మిగిలింది.

అచ్చిబాబు దంపతులు పరవాన్నం తిని బయల్దేరారు. పిల్లలు కుక్కపిల్లకి పాలు పట్టడానికి లోపలికి తీసుకెళ్ళారు. నరసింహమూర్తి అరుగు మీద భార్య పక్కన చతికిలబడ్డాడు. మూతి ముడుచుకుని, అవమానంగా, కొంచెం కుతూహలంగా అడిగాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మీరు టీ కొట్టు దగ్గర అచ్చిబాబుగారిని అడిగారు చూడండి, ఆ సాయంత్రమే. 'మీవారు ఏరికోరి చెడ్డకోడిని అడిగారట, ఎందుకండీ?' అని సూర్యకళగారు ఫోన్ చేశారు."

"గళ్ళ లుంగీ సంగతి?"

"అదీ అప్పుడే చెప్పారు."

"ప్యాంట్లు?"

"మంచం కింద పెట్టెలో ఉన్నాయి."

నరసింహమూర్తి కాసేపు తన మోకాళ్ళ మీద గాట్లు చూసుకున్నాడు. "ఆ రోజే ముఖాన అడిగేసి ఉంటే నాకీ తిప్పలు తప్పేవి కదే! ఎందుకు ఊరుకున్నావు?"

సీతారామలక్ష్మి లేచి, ఆయన పంచె అంచుకి అంటిన మట్టి దులిపింది.

"పిల్లలకి వీడియోలున్నాయి, కోడి ఉంది. అత్తయ్యగారికి పూజలున్నాయి. మీరొక్కరూ అంత హుషారుగా పథకం వేసుకుంటుంటే మధ్యలో పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నానండి. సెలవుల్లో మీకూ ఏదో ఒక ఆట ఉండాలి కదా," అంది.